బస్సు ‘గెట్ డౌన్’ అవ్వొచ్చా? దిగడంలో వచ్చే ఇంగ్లీషు చిక్కులు

సమస్య: ‘ఐ గాట్ డౌన్ ఫ్రమ్ ద బస్’ అంటే శ్రీకాకుళం కాంప్లెక్సులో అందరికీ అర్థమవుతుంది. విదేశీ ఇంగ్లీషు పరీక్షలో రాస్తే మాత్రం తప్పు కింద పోతుంది.

కారణం: మనకు దిగడం ఒక్కటే. బస్సు దిగుతాం, ఆటో దిగుతాం, చెట్టూ దిగుతాం. ఇంగ్లీషులో ఒక్కోదానికి ఒక్కో మాట.

పరిష్కారం: లోపల లేచి నాలుగడుగులు వేయగలిగే బస్సు, రైలు, విమానం అయితే గెట్ ఆఫ్. వంగి బయటికి రావలసిన కారు, ఆటో అయితే గెట్ ఔట్ ఆఫ్. కాళ్లు చెరోవైపు వేసి కూర్చునే సైకిలు, మోటారు బండి, గుర్రం మళ్లీ గెట్ ఆఫ్‌లోకే వస్తాయి. చెట్టు, నిచ్చెన, గోడ దగ్గర ‘గెట్ డౌన్ ఫ్రమ్’ సరైనదే, దాన్ని దిద్దకండి. ఒట్టి ‘గెట్ డౌన్!’ అని లండన్ బస్సులో అరిస్తే జనం దిగరు, ప్రమాదమేదో వచ్చిందనుకుని కిందికి వంగుతారు.

సమస్య: గెట్ ఆఫ్ నేర్చుకున్నా ‘ఫ్రమ్’ వదలదు.
పరిష్కారం: ‘బస్సు దిగాను’ అంటాం, ‘నుంచి’ పెట్టం. ఇంగ్లీషులోనూ అంతే: ‘ఐ గాట్ ఆఫ్ ద బస్’. దిగే చోటుకు ఎట్ పెట్టాలి. శ్రీకాకుళం రావాలంటే రైలు దిగేది ఆమదాలవలసలో, స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్ కాబట్టి ‘గెట్ ఆఫ్ ఎట్ శ్రీకాకుళం రోడ్’.

సమస్య: ‘ఇట్’ ఎక్కడ పెట్టాలి?
పరిష్కారం: బండి దిగితే ‘గెట్ ఆఫ్ ఇట్’. డబ్బా మూత ఊడదీస్తే ‘గెట్ ఇట్ ఆఫ్’. తారుమారు చేస్తే, మూత మీద ఎక్కి కూర్చున్నవాణ్ని దిగమన్నట్టుంటుంది.

సమస్య: ‘ఐ గెట్ ఆఫ్ ఎట్ సిక్స్’ అన్నారు, బస్సు ఊసే లేదు.
కారణం: మన ‘డ్యూటీ దిగడం’ లాంటిదే ఇది, ఆరింటికి పని అయిపోతుందని. ‘గెట్ ఆఫ్ వర్క్’ అన్నా సరే, వర్క్ ముందు ‘ద’ వద్దు. ‘గెట్ ఆఫ్ ద ఫోన్’ అంటే మాట్లాడింది చాలు, పెట్టేయమని.

‘గాట్ ఆఫ్ విత్ ఎ ఫైన్’ అంటే జరిమానాతో బయటపడ్డాడని. జాగ్రత్త: ఆ ‘విత్’ తర్వాత ఫైన్, వార్నింగ్ లాంటి మాటలే రావాలి. మనిషి పేరు పెడితే బ్రిటన్‌లో సరసం సంగతి అయిపోతుంది.