యాడ్ ఏజెన్సీలో ఏ సీటు మీది?

డిగ్రీ చివరి సంవత్సరం పిల్లలు నన్ను తరచూ అడుగుతుంటారు, "అక్కా, యాడ్ ఏజెన్సీలో చేరాలంటే ఏ కోర్సు చెయ్యాలి?" అని. కోర్సు సంగతి తర్వాత. ముందు ఏ సీట్లో కూర్చోవాలనుకుంటున్నారో తేల్చుకోండి.

నలుగురితో ఇట్టే కలిసిపోయేవాళ్ళు, రాత్రి పదింటికి ఫోన్ వచ్చినా ఓపిగ్గా మాట్లాడగలిగేవాళ్ళు క్లయింట్ సర్వీసింగ్‌కి (యాడ్ చేయించుకునే కంపెనీతో మాట్లాడే ఉద్యోగం) పనికొస్తారు. లెక్కలంటే ఇష్టమైతే మీడియా ప్లానింగ్ ఉంది. ఉన్న బడ్జెట్‌లో ఏ పేపర్‌కి ఎంత, ఏ ఛానల్‌కి ఎంత అన్నది తేల్చేది వాళ్ళే. ఏ ఛానల్ ఎంతమంది చూస్తున్నారో చెప్పే బార్క్ రేటింగులు, ఏ పేపర్ ఎన్ని కాపీలు అమ్ముడవుతోందో చెప్పే ఏబీసీ సర్క్యులేషన్ అంకెలు, ఎక్సెల్ షీట్లు, రోజంతా వీటితోనే పని. బీకాం పిల్లల్లో చాలామందికి ఇలాంటి ఉద్యోగం ఒకటుందనే తెలియదు, నాకు అదే బాధ. పేపర్లలో, ఎఫ్‌ఎం స్టేషన్లలో యాడ్స్ అమ్మే ఉద్యోగాలు జిల్లాల్లోనూ దొరుకుతాయి. టార్గెట్ల టెన్షన్ ఉంటుంది గానీ, కాలమ్ సెంటీమీటర్ రేటు (పేపర్లో ఒక కాలమ్ వెడల్పు, ఒక సెంటీమీటర్ ఎత్తు చోటుకి ధర) ఏంటో, వ్యాపారి ఏ మాటకి జేబులో చెయ్యి పెడతాడో అక్కడ నేర్చుకున్నంత త్వరగా ఇంకెక్కడా నేర్చుకోలేరు.

బొమ్మలు వచ్చినవాళ్ళు హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో అప్లైడ్ ఆర్ట్ (యాడ్స్, డిజైన్ కోసం నేర్చుకునే చిత్రకళ) గురించి కనుక్కోండి.

ఇక నా సీటు, కాపీ రాయడం, అంటే యాడ్‌లో వచ్చే మాటలు రాయడం. ఇక్కడ మార్కుల లిస్టు కన్నా ముందు పోర్ట్‌ఫోలియో, అంటే మీరు రాసిన నమూనా యాడ్స్, చూస్తాం. ఐదారు యాడ్స్ చాలు. పెద్ద కంపెనీల సబ్బులకి, కూల్‌డ్రింకులకి రాయకండి, అందరూ అవే పంపిస్తారు. మీ ఊళ్ళో ఒక షాపు చూసుకుని, ఓనర్ని అడిగి, ఓ గంట కౌంటర్ పక్కన కూర్చోండి.

స్టీలు సామాన్ల షాపే అనుకుందాం. యాడ్‌లో ఏం చెప్పాలండీ అంటే ఓనర్ గారు "నాణ్యతకు మారుపేరు, నమ్మకానికి చిరునామా, సరసమైన ధరలు, పార్కింగ్ సౌకర్యం కలదు" అంటారు. ఆ మాటలు బంగారం కొట్టుకైనా, ఆసుపత్రికైనా అతుకుతాయి. అదే కౌంటర్ దగ్గర పెళ్ళి సామాన్లు కొనే ఆవిడ అడిగేది వేరు, "గిన్నెల మీద పేర్లు మీరే వేసిస్తారా?" అని. మీకు యాడ్ అక్కడ దొరికింది. రేడియోకి ఇలా రాయొచ్చు:

(గిన్నె మీద పేరు చెక్కుతున్న మిషన్ చప్పుడు)
కూతురు: అమ్మా, ఏ ఇంటిపేరు వేయించమంటావ్?
అమ్మ: మనం కొన్నవాటి మీద మనదే. మీ ఆయన కొన్నప్పుడు వాళ్ళది వేయించుకో.
వాయిస్: సారె సామాన్లు కొన్నచోటే, పేర్లు ఉచితంగా. (షాపు పేరు, ఊరు)

పార్కింగ్ పోయింది, మారుపేరు పోయింది. మిషన్ చప్పుడు వినగానే అది ఏ షాపో తెలిసిపోయింది. ఇప్పుడు ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, మామూలుగా మాట్లాడే వేగంతోనే గట్టిగా చదవండి. ఇరవై సెకన్ల స్పాట్ (రేడియో యాడ్) అయితే పద్దెనిమిదిలో ముగియాలి, చప్పుళ్ళకీ కాస్త చోటుండాలి. హిందీ నుంచి వచ్చే యాడ్స్‌కి కూడా ఇదే పరీక్ష. మక్కీకి మక్కీ దించితే మాటలు పొడవైపోయి, వాయిస్ ఇచ్చే ఆయన ఊపిరి తీసుకోకుండా పరిగెత్తాలి. అలాంటి యాడ్ ఒకటి తీసుకుని, సందర్భాన్నే మన ఇంటికి మార్చి రాసి, అదీ పోర్ట్‌ఫోలియోలో పెట్టండి.

టైపింగ్ విషయంలో బద్ధకించొద్దు. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లు (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) వాడేవాళ్ళు ఉన్నారు, ఫోన్లోనూ వెబ్‌సైట్లలోనూ అన్ని భాషల అక్షరాలకీ ఒకే పద్ధతైన యూనికోడ్ నడుస్తుంది. ఒకదాంట్లో కొట్టింది ఇంకోదాంట్లో నేరుగా అతికిస్తే చదవడానికి ఏమీ మిగలదు. రెండూ తెలిసిన పిల్లల్ని ఆఫీసులో ఎవరూ వదులుకోరు. ఫోటోషాప్‌లో ఒత్తులు విడిపోతుంటే టైప్ సెట్టింగుల్లో మన భాషలకి పనికొచ్చే ఆప్షన్ ఎంచుకోండి.

రాసే ప్రతి మాటకీ చట్టం ఉందని కూడా గుర్తుంచుకోండి. "షుగర్ పూర్తిగా నయం" అని మందు యాడ్ రాయమని ఎవరైనా అడిగితే రాయకండి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఒప్పుకోదు. ఆ మాట నమ్మి ఎవరో ఒక పెద్దాయన ఇన్సులిన్ మానేస్తే ఏమవుతుందో ఆలోచించండి. 1985లో యాడ్స్ రంగం వాళ్ళే పెట్టుకున్న అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ నియమావళి వాళ్ళ వెబ్‌సైట్లోనే ఉంది, చేరేముందు ఒక్కసారి చదవండి.

కోర్సే చెయ్యాలనుకుంటే ఢిల్లీ ఐఐఎంసీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) యాడ్స్, పబ్లిక్ రిలేషన్స్ కోర్సు ఉంది. అహ్మదాబాద్‌లో మైకా అనే కాలేజీ ఉంది, ఫీజు బాగా ఎక్కువ. అప్పు చేసి వెళ్ళేముందు ఒక చిన్న ఏజెన్సీలో ఇంటర్న్‌గా చేరి, ఈ పని మీకు పడుతుందో లేదో చూసుకోండి. స్టైపెండ్ ఎంతో మెయిల్లో రాయించుకోండి. టెస్ట్ పేరుతో ఒకటి రెండు యాడ్స్ రాయమంటే సరే. అసలు క్లయింట్‌కి మొత్తం క్యాంపెయిన్ రాసిమ్మంటే మాత్రం, మర్యాదగానే కుదరదని చెప్పండి. నా దగ్గర అలా రాయించుకుని పైసా ఇవ్వనివాళ్ళు ఉన్నారు.

పోర్ట్‌ఫోలియో పంపడానికి మే నెల మంచిది. ఇంటర్ అడ్మిషన్ల యాడ్స్, ఆషాఢం సేల్స్, వెంటనే శ్రావణం పెళ్ళిళ్ళు, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి, రాసేవాళ్ళు చాలరు. పీడీఎఫ్ ఒకటే ఫైలుగా పంపండి, రేడియో స్పాట్ ఉంటే మీ గొంతుతోనే ఫోన్లో రికార్డ్ చేసి జతచెయ్యండి. వారం దాకా జవాబు రాకపోతే ఫోన్ చెయ్యండి, ఎవరూ ఏమీ అనుకోరు.