బీపీ మాత్ర వేస్తున్నా తగ్గట్లేదా? డోసు పెంచే ముందు ఇవి చూడండి

సమస్య: రోజూ మాత్ర వేస్తున్నా పై అంకె 160 దగ్గరే ఉంటోంది.

ముందు చూసే పద్ధతి సరిగ్గా ఉందా? మా అమ్మ మెట్లెక్కొచ్చి, ఆయాసం తీరకుండానే, జాకెట్టు చేతి మీదే పట్టీ చుట్టించుకుని, పక్కింటావిడతో కబుర్లాడుతూ చూపించుకునేది. 164. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టి, చేతిని గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి చూస్తే 146. లావు చేతికి చిన్న పట్టీ వేసినా అంకె ఎక్కువే వస్తుంది.

అప్పటికీ తగ్గకపోతే మందుల డబ్బా తెరవండి. మోకాళ్ల నొప్పులకి షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఒంట్లో ఉప్పూ నీరూ నిలబెట్టి బీపీని పెంచుతాయి. కిడ్నీలకూ చేటే. నొప్పికి వేరే దారి డాక్టర్ని అడగండి. గ్యాస్‌కి నీళ్లలో పొంగించి తాగే పొడిలోనూ సోడియం ఉంటుంది.

ఇక ఉప్పు. అన్నీ కలిపి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను లోపు. కూరలో ఉప్పు తగ్గించి, కంచంలో ఆవకాయ, పక్కన అప్పడం పెట్టుకుంటే తగ్గించినట్టు కాదు. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బున్నా, టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్రలు వాడుతున్నా అడగకుండా కొనొద్దు.

సమస్య: మంచం దిగగానే కళ్లు తిరుగుతున్నాయి.

నిలబడగానే బీపీ పడిపోతోందేమో. కూర్చోబెట్టి ఒకసారి, లేచిన ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే ఆ కాగితం డాక్టరుకు చూపించండి. మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు, వేసవిలో నీళ్లు తాగకపోవడం తరచుగా కనిపించే కారణాలు. రాత్రి బాత్రూంకి లేచేటప్పుడు కాళ్లు కిందపెట్టి ఒక నిమిషం కూర్చోవాలి. ఇలా పడితే తుంటి ఎముక విరగొచ్చు. మాత్ర మాత్రం మీరే ఆపేయకండి.

సమస్య: వదలని పొడి దగ్గు, పాదాల వాపు.

దగ్గుకి రామిప్రిల్, ఎనలాప్రిల్ అనే బీపీ మాత్రలు కారణం కావచ్చు. సిరప్‌తో పోదు, డాక్టర్ని అడిగి మందు మార్చాలి. వాపు ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర వల్ల రావచ్చు. తోడుగా ఆయాసముంటే మాత్రం గుండె పరీక్ష చేయించండి.

180/120 దాటి ఛాతీ నొప్పి, మూతి వంకర, మాట తడబాటు ఉంటే వెంటనే 108. అవేవీ లేకపోతే కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూడండి. అంతే ఉంటే ఆరోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కంగారులో రెండో మాత్ర వేయకండి.