ట్రంపెట్‌లో ఏం మారిస్తే మోత మారుతుంది

పెండ్లిళ్ల సీజన్ దగ్గర పడితే నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల బ్యాండు మేళాల్లో ఒకటే ముచ్చట: మీరట్ నుంచి కొత్త ట్రంపెట్ తెప్పించాలా, మౌత్‌పీస్ (పెదవి ఆనించి ఊదే ముక్క) మారిస్తే చాలా? ఏదైనా కొనేముందు చేతిలో ఉన్నదాన్ని పరీక్షించండి. మోత మూసుకుపోయినట్టు వస్తోందంటే చాలాసార్లు గాలి లీకవుతుంటుంది, లేదా గొట్టంలో మురికి పేరుకుని ఉంటుంది.

రెండో పిస్టన్‌కు (వేలితో నొక్కే మీటకు) ఉండే పొట్టి స్లైడ్‌ను, అంటే బయటికి లాగగలిగే గొట్టం ముక్కను, పిస్టన్ నొక్కకుండా గబుక్కున లాగండి. టప్‌మని చప్పుడొస్తే పిస్టన్ గాలిని పట్టి ఉంచుతోంది. రాకపోతే మూడు నాలుగు చుక్కల వాల్వ్ ఆయిల్ (పిస్టన్లకు వేసే నూనె) వేసి మళ్లీ లాగండి. అప్పుడూ రాలేదంటే పిస్టన్ అరిగింది. మౌత్‌పీస్ ఎన్ని మార్చినా ఆ ట్రంపెట్ బాగుపడదు. తర్వాత అదే స్లైడ్ తీసేసి, రెండో పిస్టన్ పూర్తిగా నొక్కి, గొట్టంలోకి టార్చి కొట్టి చూడండి. పిస్టన్ రంధ్రం గొట్టానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. అంచు నెలవంకలా అడ్డం కనిపిస్తే లోపలి ఫెల్ట్ (మెత్తటి బిళ్ల) అరిగినట్టే. ఫెల్ట్‌కు అయ్యే ఖర్చు చాలా తక్కువ, మోతలో తేడా మాత్రం చాలా ఎక్కువ. చివరగా ట్యూనింగ్ స్లైడ్ (శ్రుతి సరిచేసే పెద్ద స్లైడ్) బయటికి తీసి, ఒక కొన బొటనవేలితో మూసి, రెండో కొన నుంచి ఊదండి. నీళ్లు వదిలే మీట దగ్గర గాలి తగిలితే కార్క్ మార్చాలి.

ఇవన్నీ సరిగా ఉంటేనే మౌత్‌పీస్ సంగతి. బాక్ కంపెనీ లెక్కలో అంకె తగ్గేకొద్దీ కప్పు (పెదవి ఆనే గుంట) వెడల్పవుతుంది: 7సీ సుమారు 16.2 మిల్లీమీటర్లు, 1½సీ దాదాపు 17. అక్షరం లోతు చెబుతుంది: ఏ బాగా లోతు, ఈ లోతు తక్కువ. యమహా కంపెనీ లెక్కలో అంకె పెరిగేకొద్దీ కప్పు పెద్దది, ఆర్డర్ పెట్టేటప్పుడు ఇక్కడే పొరపడతారు. లోతు తక్కువ కప్పు బారాత్‌లో పై స్వరాలకు పదునిస్తుంది. మరీ తక్కువైతే పెదవి అడుగుకు తగిలి స్వరం తెగిపోతుంది. పెద్ద కప్పుతో మోత నిండుగా వస్తుంది కానీ గంటల తరబడి వాయిస్తే పెదవి అలసిపోతుంది. ఎక్కువమందికి 7సీ, 3సీల మధ్యే సరిపోతుంది. వెండి పూత పోయి ఇత్తడి బయటపడ్డ మౌత్‌పీస్ పెదవిని మంట పెడుతుంది, దాన్ని వాడొద్దు.

మౌత్‌పీస్ కాడ ట్రంపెట్‌లోకి ఎంత దిగుతుందన్నది కూడా ముఖ్యమే. కాడ చుట్టూ సన్నని కాగితం ముక్క చుట్టి పెట్టి వాయించండి. స్వరాలు తేలిగ్గా నిలబడితే, అంతకుముందు కాడ ఎక్కువ దిగుతున్నట్టు.

ట్రంపెట్‌కు లక్కరా (మెరిసే వార్నిష్ పూత), వెండి పూతా అన్నది చూపుకే ఎక్కువ. వాయించేవారికి చేతిలో, పెదవి దగ్గర తెలిసే తేడా వినేవారికి చాలాసార్లు తెలియదు. అందుకే రెండు మౌత్‌పీస్‌ల మధ్య తేల్చుకోవాలంటే జతగాణ్ని ఇరవై అడుగుల దూరంలో, మీకు వీపు పెట్టి నిలబెట్టండి. ఏది ఎప్పుడు వాయిస్తున్నారో చెప్పకుండా అడగండి.

తెల్లారుజామున కలిపిన శ్రుతి మధ్యాహ్నం ఎండకు పైకి పోతుంది, అది మౌత్‌పీస్ తప్పు కాదు. ట్యూనింగ్ స్లైడ్ 1 సెంటీమీటరు లాగితే గాలి దారి 2 సెంటీమీటర్లు పెరిగి, శ్రుతి అర్ధస్వరంలో దాదాపు నాలుగో వంతు దిగుతుంది.

పిస్టన్లకు కొబ్బరి నూనె వద్దు. సుమారు 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది కాబట్టి చలికాలం ముహూర్తాలకు పిస్టన్ నొక్కితే పైకి లేవదు. చింతపండుతో తోమొద్దు, దాని పులుపు లక్కర్‌నూ ఇత్తడినీ తింటుంది. నెలకోసారి గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, పొడవాటి బ్రష్‌తో లోపల కడగండి. వేడినీళ్లు పోస్తే లక్కర్ లేస్తుంది. మన బోరు నీళ్లు ఆరితే గొట్టంలో తెల్లటి పొర మిగులుతుంది కాబట్టి ఆఖరి కడుగుడు ఫిల్టర్ నీళ్లతో చేసి, పూర్తిగా ఆరాకే ఆయిల్ వేయండి.