డాబా మీది తీగతో తగ్గిన షార్ట్‌వేవ్ గరగర

సాయంత్రం రేడియోలో 31 మీటర్ల బ్యాండ్ (షార్ట్‌వేవ్‌లో దూరపు స్టేషన్లు వచ్చే ఒక భాగం) పెడితే స్టేషన్ మాటల వెనక ఒకటే గరగర. రేడియో దిక్కు మార్చినా, కిటికీలో పెట్టినా, గదిలోనే తీగ కట్టినా లాభం లేకపోయింది.

ముందు అడాప్టర్ తీసేసి బ్యాటరీలు వేశాను. సగం రొద అక్కడే పోయింది. తర్వాత 7 మీటర్ల సన్న రాగి వైరును డాబా మీద నైలాన్ తాడుతో కట్టి, ఇంటి వైరింగుకు దూరంగా కిందికి దించాను. కొసను రేడియో రాడ్‌కు, అంటే దాని ఏంటెనా కడ్డీకి, నేరుగా క్లిప్పుతో తగిలిస్తే బలమైన స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అందుకే వైరు తొడుగు ఒలవకుండా రాడ్ చుట్టూ ఐదారు చుట్లు చుట్టాను. ఎంత హాయో, మాటలు స్పష్టంగా వినిపించాయి!

మీ రొద పక్కింటి ఎల్ఈడీ బల్బులదైతే ఇంత తేడా రాకపోవచ్చు. ఉరుములు మొదలయ్యేలోపే రాడ్ నుంచి వైరు విప్పి బయట పెట్టేయండి.