పాత బుల్లెట్‌కు కొత్త రూపు – నాలుగో పాఠం: ట్యాంకు

పోయిన పాఠంలో చాసిస్‌ను గీకి, ప్రైమర్ కొట్టి, గోడకు ఆనించి పెట్టాం. ఈసారి ట్యాంకు. బండికి కొత్త అందం తేవాలనుకునేవాళ్ళు చాలామంది నేరుగా రంగు డబ్బా కొనుక్కొస్తారు. మనం ముందు లోపలి పని పూర్తి చేసి, ఆ తరువాతే బయటికి వద్దాం. లోపలి తుప్పు తీసే నీళ్ళు మూతి చుట్టూ పొర్లి కొత్త రంగును ఉబ్బిస్తాయి. పైగా తుప్పు పోయాక, అంతవరకూ ఆ తుప్పే మూసి ఉంచిన చిల్లు బయటపడవచ్చు. దాన్ని మూయాలంటే వెల్డింగ్ మంట పెట్టాలి. మంట తగిలినచోట ఏ రంగూ నిలవదు.

కాస్ట్ ఐరన్ ఇంజిన్ బుల్లెట్ 350 ట్యాంకు కింద, చాసిస్ గొట్టం ఇమిడేలా మధ్యలో ఒక కాలువ ఉంటుంది. అందువల్ల అడుగున రెండు వైపులా రెండు లోతులు ఏర్పడతాయి. పెట్రోలు ట్యాప్ ఉన్న వైపు లోతు ఎప్పటికప్పుడు ఖాళీ అవుతుంది. రెండో వైపు చేరిన నీరు మాత్రం ఏళ్ళ తరబడి అక్కడే నిలుస్తుంది, ఎందుకంటే నీరు పెట్రోలుకంటే బరువు. కాబట్టి తుప్పు కోసం ముందు వెతకవలసింది ట్యాప్ లేని వైపే. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. తేమ మోతాదు మించితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. నెలల తరబడి కదలకుండా నిలబెట్టిన బండికి ఇది మంచిది కాదు.

పెట్రోలంతా వంపేసి, ట్యాప్ విప్పి, మూత తీసి, ఒక చిన్న ఎల్‌ఈడీ దీపాన్ని తీగకు కట్టి లోపలికి దించి చూడండి. సెల్‌ఫోను వెలుగు మూతి దగ్గరే ఆగిపోతుంది. లోపల గోధుమరంగు పొడి మాత్రమే కనిపిస్తే పని తేలిక. పెచ్చులు లేచి ఉంటే ఓపిక కావాలి. మోకాళ్ళ దగ్గరి రబ్బరు ప్యాడ్లు కూడా ఊడదీయండి. వాటి వెనక తేమ ఆగి, రేకు బయటినుంచి కూడా తినేసి ఉంటుంది. రెండు వైపులా తిన్నచోటే చిల్లు పడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. పెట్రోలు వంపేశాం కాబట్టి ట్యాంకు ఖాళీ అయిందనుకోకండి. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉన్నప్పుడే అంటుకుంటుంది. నిండు ట్యాంకులో ఆవిరి అంతకు మించి ఉంటుంది, గాలికి చోటుండదు. వంపేసిన ట్యాంకులోనే గాలి, ఆవిరి కలిసి ఆ ప్రమాదకరమైన పాళ్ళకు వస్తాయి. అందుకే పాత ట్యాంకుకు వెల్డింగ్ పెట్టినప్పుడు జరిగే ప్రమాదాల్లో చాలావరకు ‘ఖాళీ’ ట్యాంకులవే. వేడినీళ్ళలో బట్టల సబ్బుపొడి కలిపి, వాసన పూర్తిగా పోయేదాకా మళ్ళీ మళ్ళీ కడగండి. ఆ తరువాత కూడా చిల్లు మూయించే పనిని ట్యాంకులు చేసి అలవాటున్న వెల్డర్‌కే ఇవ్వండి. అతను ట్యాంకును నీళ్ళతో నింపి, అతుకు పెట్టే మేర మాత్రమే పైకి వదిలి పని చేస్తాడు. అలా చేయనివాడైతే ట్యాంకు వెనక్కి తెచ్చుకోండి, మొహమాటం వద్దు.

తుప్పు తీయడానికి చాలామంది మరుగుదొడ్డి కడిగే యాసిడ్ పోస్తారు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. తుప్పు నిజంగానే పోతుంది, దానితోపాటు మంచి ఇనుము కూడా కొంత పోతుంది. అతుకుల మధ్య చిక్కుకున్న క్లోరైడ్ ఎంత కడిగినా వదలక, వారం తిరిగేసరికి కొత్త తుప్పు పుట్టిస్తుంది. నేను దాన్ని సిఫార్సు చేయను. వెనిగర్ మంచిదే కానీ నిదానం, పైగా ట్యాంకు నిండా పోయాలంటే సీసాలు చాలా కావాలి. ఇంటి షెడ్డుకు అన్నిటికంటే తగినది కరెంటు పద్ధతి.

దీనికి కావలసినవి పాతకాలపు 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్, ఒక మామూలు ఇనుప కడ్డీ, బట్టల సోడా. వంట సోడా వేరు, బట్టల సోడా వేరు. కొట్టులో వాషింగ్ సోడా అని అడిగితే ఇస్తారు. ట్యాప్ రంధ్రాన్ని రబ్బరు బిరడాతో మూసి, లీటరు నీటికి ఒక చిన్న చెంచా సోడా చొప్పున కలిపి మూతి దాకా నింపండి. ఒక చెక్కముక్కకు రంధ్రం చేసి, దానిలోంచి కడ్డీని లోపలికి వేలాడదీయండి. కడ్డీ ట్యాంకుకు ఎక్కడా తగలకూడదు. తగిలితే షార్ట్ అవుతుంది. ఛార్జర్ పాజిటివ్ క్లిప్పు కడ్డీకి, నెగటివ్ క్లిప్పు ట్యాంకుకు పెట్టాలి. ఇది తారుమారైతే తుప్పు పోవడానికి బదులు ట్యాంకే కరుగుతుంది. క్లిప్పులు రెండుసార్లు చూసుకున్నాకే స్విచ్ వేయండి. కొత్తరకం ఆటోమేటిక్ ఛార్జర్లు ఎదురుగా బ్యాటరీ లేదని గ్రహించి కరెంటు ఇవ్వవు, కాబట్టి పాతదే వెతకండి.

కడ్డీ స్టీలుది అయితే మెరుస్తూ బాగుంటుందని కొందరు అదే వాడతారు. అస్సలు వద్దు. స్టెయిన్‌లెస్ స్టీలులోని క్రోమియం కరిగి, నీళ్ళు పసుపుపచ్చ విషంగా మారతాయి. సోడా బదులు ఉప్పు వేయడం కూడా తప్పే, క్లోరిన్ వాయువు వస్తుంది.

స్విచ్ వేసిన కాసేపటికి బుడగలు మొదలవుతాయి. ట్యాంకు గోడల నుంచి వచ్చేది హైడ్రోజన్, ఇట్టే అంటుకునే వాయువు. కాబట్టి ఈ పని వసారాలోనో, దొడ్లోనో పెట్టుకోండి. తలుపులు మూసిన షెడ్డులో వద్దు, దగ్గర్లో సిగరెట్టు వద్దు. కడ్డీ చూడాలంటే ముందు గోడ దగ్గర స్విచ్ కట్టేయండి, ఆ తరువాతే క్లిప్పు తీయండి. లేదంటే క్లిప్పు దగ్గర పుట్టే నిప్పురవ్వ చాలు. కొన్ని గంటలకు కడ్డీకి నల్లటి మడ్డి పట్టి కరెంటు తగ్గుతుంది. దాన్ని గీకి మళ్ళీ దించాలి. కడ్డీకి ఎదురుగా ఉన్న గోడ బాగా శుభ్రపడుతుంది, మూలలు అంతగా కావు. అందుకని కడ్డీని కొద్దిగా వంచి ఒకసారి ఒక లోతు వైపు, ఇంకోసారి రెండో వైపు తిప్పండి. ఒక రాత్రి, మరో పగలు పడుతుందని అనుకోండి.

నీళ్ళు వంపేశాక, పెచ్చులు ఇంకా మిగిలితే సన్నటి గొలుసు ఒకటి లోపలికి జారవిడిచి, కొస చేత్తో పట్టుకుని, ట్యాంకును అటూ ఇటూ ఊపండి. విడి నట్లు వేసేవాళ్ళు వాటిని లెక్కపెట్టి వేయాలి, లెక్కపెట్టి తీయాలి. గొలుసుకు ఆ బాధ లేదు.

శుభ్రమైన ఇనుము తడిగా ఉంటే నిమిషాల్లోనే మళ్ళీ ఎర్రబడుతుంది. చివరిసారి కడిగిన వెంటనే, ఎండ ఎక్కువగా ఉన్న పూట చూసి, మూతి కిందికి వంచి నీరు జార్చి, జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడి గాలి పంపండి. ఆరిన మరుక్షణం కాస్త టూ-స్ట్రోక్ ఆయిల్ పోసి అన్ని వైపులా తిప్పి, మిగిలింది వంపేసి, రెండు రంధ్రాలూ మూసేయండి. లోపల పూసే ఎపాక్సీ సీలర్ గురించి చాలామంది అడుగుతారు. గట్టి రేకుకు అది అనవసరం. సరిగ్గా అంటుకోని సీలర్ పొరలుగా ఊడి కార్బురేటర్ జెట్లలోకి వెళ్తుంది. సూదిమొన చిల్లులు చాలా ఉండి వేరే దారి లేకపోతే, ఇథనాల్ పెట్రోలును తట్టుకుంటుందని డబ్బామీద రాసి ఉన్నదే కొనండి.

ఇక బయట. మొదట ఆర్‌సీ తీసి అందులో రాసిన రంగు చూడండి. నలుపు అని ఉంటే నలుపే వేయండి. మార్చాలనుకుంటే ముందే ఆర్‌టీఏ కార్యాలయంలో దరఖాస్తు పెట్టి ఆర్‌సీలో కొత్త రంగు రాయించుకోవాలి. మొదటి పాఠంలో చెప్పిన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మాట గుర్తుంది కదా, ఆర్‌సీలో రాసినదానికి భిన్నంగా బండిని మార్చకూడదు.

పాత రంగును 80 నంబరు ఎమ్రీ కాగితంతో తీసి, 180తో ఆ గీతలు చెరపండి. లోపల పోసిన ఆయిల్ చుక్క బయట ఎక్కడైనా అంటి ఉంటే కొత్త రంగు అక్కడ గుంటలు పడుతుంది, కాబట్టి థిన్నర్ గుడ్డతో రెండుసార్లు తుడవండి. సొట్టల్లో పుట్టీ పలుచగా, పొర మీద పొరగా పెట్టాలి. మందంగా ఒకేసారి పెడితే ఇంజిన్ అదురుకు పగులుతుంది, అందులోనూ బుల్లెట్ అదురు. పుట్టీ మీద 320, ప్రైమర్ మీద నీళ్ళతో 600. చేతికింద కాగితం మాత్రమే కాక చిన్న రబ్బరు దిమ్మ ఉంచుకోండి, వేళ్ళతో రుద్దితే వేళ్ళ వెడల్పున పల్లాలు పడతాయి. వాటిని నలుపు రంగు దాచదు, ఇంకా బయటపెడుతుంది.

వానాకాలంలో డ్యూకో రంగు (థిన్నర్ కలిపి స్ప్రే చేసే రంగు) కొడితే పాలు పోసినట్టు తెల్లబడుతుంది. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు రేకు చల్లబడి, గాలిలోని తేమ దానిమీద చేరుతుంది. కోస్తాలో ఉన్నవాళ్ళు పొడి రోజు కోసం ఆగక తప్పదు.

రంగు దాకా ఇంట్లో వేయవచ్చు. రంగు మీద వేసే పారదర్శకమైన పొర, అంటే క్లియర్ కోటు మాత్రం పెయింటింగ్ షెడ్డుకు ఇవ్వమంటాను. మామూలు స్ప్రే డబ్బా క్లియర్ మీద పెట్రోలు ఒలికితే మూతి చుట్టూ మెత్తబడి లేస్తుంది. పెట్రోలును తట్టుకునేది హార్డెనర్ (పొరను గట్టిపరిచే ద్రవం) కలిపే రకం. ఆ హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి, అవి ఊపిరితిత్తులకు శాశ్వతంగా హాని చేయగలవు. దుమ్ముకు కట్టుకునే మాస్కు వాటిని ఆపదు.

బంగారు గీత గీయాలనుకుంటే క్లియర్ కోటుకు ముందే గీయాలి. చెన్నైలో రాయల్ ఎన్‌ఫీల్డ్ ట్యాంకులమీద ఆ గీతను ఒకే కుటుంబంలోని అన్నదమ్ములు చేత్తోనే గీస్తూ వచ్చారు, కింద టేపు కూడా అంటించకుండా. మనకు టేపు తప్పు కాదు. చేత్తోనే గీయాలనే పట్టుదల ఉంటే పొడవు వెంట్రుకల సన్న కుంచె తెచ్చుకుని, ఏదైనా పాత మడ్‌గార్డ్ మీద చేయి కుదిరేదాకా సాధన చేయండి.

క్లియర్ వేసి తెచ్చాక వారం దాకా పెట్రోలు పోయకండి. ఆ తరువాత ఒక లీటరు పోసి లోపలి ఆయిల్‌ను కడిగి వంపేసి, ట్యాప్‌కు కొత్త వాషరు వేసి బిగించండి. ట్యాప్‌కు, కార్బురేటర్‌కు మధ్య చిన్న ఫిల్టరు పెట్టడం మరవకండి, తొలి నెల దాన్ని తరచూ చూడండి. వచ్చే పాఠం వైరింగ్. దానికి మల్టీమీటర్ ఒకటి, నాలుగైదు రంగుల తీగలు సిద్ధంగా ఉంచుకోండి.