సీజన్‌కు ముందే పిచర్ల వరుస తేల్చుకోవడం

వర్ధా ఒడ్డున ఉన్న మా బల్లార్షాలో పదిహేనూ పదహారేళ్ల పిల్లలకు బేస్‌బాల్ నేర్పుతున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, మనసంతా క్రికెట్. ఏటా మొదటి రోజే ఎవరో ఒకరు వచ్చి, "సార్, నేను ఫాస్ట్ బౌలర్‌ని, నన్నే పిచర్‌గా పెట్టండి" అంటారు. పిచర్ అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాడు. వెంటనే సరే అనకండి. క్రికెట్‌లో మోచేయి చాచి బంతి వేయాలి, ఇక్కడ మడిచి విసరాలి. నాకు మంచి పిచర్లు బౌండరీ దగ్గర నుంచి వికెట్ల మీదికి నేరుగా విసిరేవాళ్లలోనే దొరికారు. 2008లో అమెరికా బేస్‌బాల్ జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఒప్పందం చేసుకున్న రింకూ సింగ్, దినేశ్ పటేల్ కూడా జావెలిన్ విసిరే కుర్రాళ్లే.

పోటీలకు ఆరు వారాల ముందు, ఎండ దిగాక, ఒక్కొక్కరి చేత 18.44 మీటర్ల దూరం నుంచి ఇరవై బంతులు వేయించండి. ఎన్ని స్ట్రైకులు, అంటే బ్యాటర్ ముందున్న ప్లేట్ మీదుగా మోకాళ్లకూ ఛాతీకీ మధ్య వెళ్లే బంతులు, పడ్డాయో రాసుకోండి. మైదానం చుట్టూ రెండుసార్లు పరుగెత్తించి మళ్లీ ఇరవై వేయించండి. అలసినా లెక్క తగ్గనివాడే మీ స్టార్టర్, అంటే మ్యాచ్ మొదలుపెట్టే పిచర్. వేగం ఆ తర్వాతి సంగతి. బాగా వేగముండి, ఇరవై బంతులకే నీరసపడేవాడిని చివరి ఇన్నింగ్స్‌కు దాచుకోండి.

అన్నిటికన్నా కష్టం మధ్యలో వచ్చే పిచర్‌ను ఎంచుకోవడం. పరుగు దారిలోని మజిలీలైన రెండో బేస్‌లో, మూడో బేస్‌లో రన్నర్లను నిలబెట్టి, పక్కన కూర్చున్న కుర్రాడిని ఉన్నట్టుండి పిలవండి. ఎనిమిది బంతుల వార్మప్ మాత్రమే ఇవ్వండి. మొదటి బంతికే స్ట్రైక్ వేయగలిగినవాడిని వదులుకోవద్దు. అలాంటివాడు చాలాసార్లు జట్టులో మాట తక్కువ కుర్రాడై ఉంటాడు.

ఒక్కడితోనే ఆట ముగించవచ్చు కదా అని కొందరు తండ్రులు అడుగుతారు. ఇన్నింగ్స్‌కు పదిహేను బంతులనుకున్నా ఏడు ఇన్నింగ్స్ మ్యాచ్‌కు 105 అవుతాయి. అమెరికాలో ఈ వయసువారికి సూచించిన రోజువారీ పరిమితి 95. ఒక రోజులో ముప్పై బంతులు దాటితే ఒక రోజు, 45 దాటితే రెండు, 60 దాటితే మూడు, 75 దాటితే నాలుగు రోజుల విశ్రాంతి. ఒక ఏడాది గెలవాలన్న తొందరలో ఎడమచేతి కుర్రాడొకడి చేత వరుసగా రెండు రోజులు వేయించాను. మూడో రోజు వాడు అన్నం ముద్ద ఎత్తలేకపోయాడని వాళ్లమ్మ వచ్చి చెప్పింది. ఆ సీజన్ వాడు మళ్లీ బంతి పట్టలేదు. అప్పటినుంచి స్కోరు రాసేవారి పక్కనే బంతులు లెక్కపెట్టడానికి ఒకరిని కూర్చోబెడుతున్నాను.

ఎవరి పాత్ర ఏమిటో ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, కారణంతో సహా చెప్పండి. రెండో మ్యాచ్ తర్వాత మళ్లీ చూసి మార్చండి. బ్యాటర్ వెనక వికెట్‌కీపర్‌లా కూర్చునే మీ మొదటి క్యాచర్ చేయి ఎంత బాగున్నా పిచర్ల వరుసలో అతని పేరు రాయకండి. పిచర్ వేసిన ప్రతి బంతినీ అతను తిరిగి విసురుతూనే ఉంటాడు.