చరాల దగ్గర చిక్కు పడిందా? లక్షణం చూసి కారణం పట్టండి

పరిశోధన ప్రతిపాదనలు వరసగా పది చదివితే ఒక సంగతి అర్థమవుతుంది. లెక్కగట్టే దగ్గర ఏదో తప్పిందని విద్యార్థి కంగారు పడుతుంటాడు. తీరా చూస్తే తప్పింది మొదటి అధ్యాయంలో, భావన, కన్‌స్ట్రక్ట్, చరం మూడూ ఒకటే అనుకున్నచోట. సాఫ్ట్‌వేర్ మార్చినా ఆ తప్పు సర్దుకోదు. అందుకని పైకి కనిపించే లక్షణంతో మొదలుపెట్టి వెనక్కి వెళ్దాం.

లక్షణం: "ఇంతకీ ఏం కొలుస్తున్నావు?" అని అడిగితే నోరు పెగలడం లేదు

శీర్షిక ఘనంగానే ఉంటుంది: "గణితం పట్ల విద్యార్థుల భయం: ఒక అధ్యయనం". భయం అంటే ఏమిటని అడిగితే మాత్రం "అదేనండీ, లెక్కలంటే టెన్షన్" అన్న జవాబు దగ్గరే ఆగిపోతుంది.

కారణం: చేతిలో ఇంకా భావన మాత్రమే ఉంది. ఎన్నో అనుభవాల్లో ఉమ్మడిగా కనిపించినదానికి మనం పెట్టుకున్న పేరు భావన. ఎత్తు, బరువు, భయం, తెలివి అన్నీ భావనలే. కన్‌స్ట్రక్ట్ అంటే ఒక సిద్ధాంతంలో చోటిచ్చి, హద్దులు గీసి, పరిశోధన కోసం పనిగట్టుకుని నిర్మించుకున్న భావన. నిర్మితి అన్నా సరే. అది కంటికి కనిపించదు, గుర్తులను బట్టి ఉందని ఊహించుకోవాల్సిందే. ఇక చరం, అంటే వేరియబుల్, ఆ నిర్మితిని కొలిస్తే చేతికి వచ్చేది. మనిషికీ మనిషికీ మారే విలువ.

పరిష్కారం: ఒక కాగితం తీసుకుని పైనుంచి కిందికి మెట్లు దిగండి. మొదటి మెట్టు భావన: లెక్కలంటే భయం. రెండోది నిర్మితి: గణిత ఆందోళన, అంటే అంకెలతో పని పడినప్పుడు ఆ పనికే అడ్డం వచ్చేంతగా కలిగే కలవరం. ఇక్కడే "ఇది లెక్కలు రాకపోవడం కాదు, లెక్కలు ఇష్టం లేకపోవడమూ కాదు" అని ఒక వాక్యం తప్పకుండా రాయండి. చాలామంది ఏమిటో రాస్తారు గాని, ఏది కాదో రాయరు. మూడో మెట్టు పార్శ్వాలు: పరీక్షలో కలిగే ఆందోళన, బోర్డు దగ్గరికి పిలిచినప్పటిది, ఇంట్లో ఒక్కడే లెక్క చేస్తున్నప్పటిది. నాలుగోది గుర్తులు: "టీచర్ నావైపు చూస్తే తల దించుకుంటాను", "ప్రశ్నపత్రం చేతికి రాగానే తెలిసిన సూత్రం కూడా మర్చిపోతాను". అట్టడుగున చరం: ఒక్కో అంశానికి 1 నుంచి 5 వరకు మార్కు ఉండే 20 అంశాల మాపని (స్కేల్) మీద వచ్చే మొత్తం, అంటే 20 నుంచి 100 మధ్య ఒక అంకె.

ఈ ఆఖరి మెట్టు పేరే కార్యాత్మక నిర్వచనం. 1927లో భౌతిక శాస్త్రవేత్త పెర్సీ బ్రిడ్జ్‌మన్ ముందుకు తెచ్చిన ఆలోచన ఇది. ఆయన దారిలో చివరికంటా పోతే కొలతే భావన అయి కూర్చుంటుంది. మనకు అంత దూరం వద్దు. "ఈ అధ్యయనంలో గణిత ఆందోళన అంటే ఫలానా మాపనిపై వచ్చిన స్కోరు" అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంటే, పై నాలుగు మెట్లూ లేని నిచ్చెన మిగులుతుంది.

లక్షణం: మాపని పేరు సరిగ్గానే ఉంది, ఫలితాలకు మాత్రం పాత అధ్యయనాలతో పొంతన లేదు

పేరు చూసి మాపని ఎంచుకున్నారేమో చూడండి. పేరు ఒకటే అయినంత మాత్రాన రెండు మాపనులు ఒకే సంగతిని కొలుస్తాయని అనుకోవడాన్ని జింగిల్ దోషం అంటారు. 1904లోనే థార్న్‌డైక్ దీన్ని ప్రస్తావించాడు. పేర్లు వేరు కాబట్టి సంగతులూ వేరే అనుకోవడం జాంగిల్ దోషం. ఈ మాట 1927లో కెల్లీ వాడాడు. నూరేళ్లు గడిచినా రెండూ తగ్గలేదు.

ఈ మూడు వాక్యాలు చూడండి. "నేను లెక్కల్లో మంచి విద్యార్థిని." "ఈ అధ్యాయం చివర ఉన్న లెక్కలు నేను చేయగలను." "నేను విలువైన మనిషిని." మొదటిది ఆత్మభావన, అంటే ఒక విషయంలో తానెలాంటివాడినని తనకు తాను అనుకునేది. రెండోది ఫలానా పని చేయగలనన్న నమ్మకం, 1977 నుంచి బందూరా స్వీయ సామర్థ్యం పేరుతో వివరించినది. మూడోది ఆత్మగౌరవం. మూడింటినీ కలిపి కూడేసి "ఆత్మవిశ్వాసం" అని పేరు పెట్టిన ప్రశ్నావళులు నేను చాలానే చూశాను. ఆ మొత్తం దేన్ని కొలిచిందో తయారుచేసినవాళ్లూ చెప్పలేరు.

పరిష్కారం: మాపని పేరు కనపడకుండా కాగితం మడిచి, అంశాలను మాత్రం ఇద్దరు సహోద్యోగులకు ఇచ్చి "ఇది దేని గురించి?" అని అడగండి. వాళ్లు చెప్పిన మాట, మీ నిర్వచనం ఒక్కచోట కలవాలి. ఆ తర్వాత నిర్మితి సప్రమాణత చూడాలి, అంటే మాపని నిజంగా ఆ నిర్మితినే కొలుస్తోందా అన్నది. క్రోన్‌బాక్, మీల్ 1955లో దీన్ని వివరంగా చర్చించారు. 1959లో కాంప్‌బెల్, ఫిస్క్ పెట్టిన షరతు ఇప్పటికీ పనికొస్తుంది: మీ మాపని అదే నిర్మితిని కొలిచే ఇతర మాపనులతో కలవాలి, వేరే నిర్మితుల మాపనులతో అంతగా కలవకూడదు. రెండో సగాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు.

లక్షణం: ఆల్ఫా రుణ సంఖ్యగా వచ్చింది

కంగారు వద్దు. మాపనిలోని అంశాలు ఒకదానితో ఒకటి ఎంత పొసిగాయో చెప్పే అంకె ఈ క్రోన్‌బాక్ ఆల్ఫా. చాలాసార్లు ఇది తిరగేసి లెక్కించాల్సిన అంశాల పని. ఆందోళన మాపనిలో "లెక్కల పీరియడ్ నాకు హాయిగా ఉంటుంది" అనే అంశానికి 5 పెట్టినవాడికి ఆందోళన తక్కువ. అక్కడ 6లోంచి స్కోరు తీసేసి 1గా ఎక్కించాలి. అది సరిచేశాక ఆల్ఫా 0.90 దాటిందని పొంగిపోకండి. అంశాలు ఒకదానితో ఒకటి పొసిగాయని అది చెబుతుందంతే. అవి కొలిచేది మీరు అనుకున్నదేనని చెప్పదు. ఒకే ప్రశ్నను పదిసార్లు మాటలు మార్చి అడిగినా ఆల్ఫా ఎక్కువే వస్తుంది.

లక్షణం: జాబితాలో ఉన్న చరం పట్టికల్లో ఎక్కడా కనిపించడం లేదు

శాంపిల్ అంతా బాలికలే, చరాల జాబితాలో "లింగం" ఉంది. అందరికీ ఒకే విలువ ఉన్నది స్థిరాంకం, చరం కాదు. జాబితాలోంచి తీసేసి, అధ్యయన పరిమితుల్లో రాయండి.

లక్షణం: "ప్రభావం" అని రాసిన ప్రతిచోటా గైడ్ ఎర్ర ఇంకుతో గీత పెడుతున్నారు

స్వతంత్ర చరం (కారణం వైపు ఉంచే చరం) అనే పేరు రెండు వేర్వేరు రకాలకు అతికించడం దీనికి మూలం. బోధన పద్ధతిని మీరు మార్చగలరు. ఒక తరగతికి ఇచ్చి, ఇంకో తరగతికి ఇవ్వకుండా ఉండగలరు. లింగం, పుట్టిన క్రమం, తల్లిదండ్రుల చదువు పిల్లలు తమతో తెచ్చుకున్నవి, వాటిని మీరు పంచిపెట్టలేరు. ఇలాంటివి లక్షణ చరాలు. "నేను దీన్ని చీటీ తీసి ఎవరికి రావాలో నిర్ణయించగలనా?" అని అడిగి చూడండి. లేదు అని జవాబు వస్తే "ప్రభావం" కొట్టేసి "తేడా" లేదా "సంబంధం" అని రాయండి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆత్మభావన వల్ల మార్కులా, మార్కుల వల్ల ఆత్మభావనా? రెండు వైపులా వాదనలున్నాయి. ఒకే రోజు రెండూ కొలిచి ఏది ముందో చెప్పడం కుదరదు. చెప్పాలనుకుంటే కొన్ని నెలల తేడాతో రెండింటినీ మళ్లీ కొలవాలి.

లక్షణం: తేడా వచ్చింది, కానీ అది కొత్త పద్ధతి వల్లేనని నమ్మించలేకపోతున్నారు

ప్రయోగ సమూహానికి పొద్దున మొదటి పీరియడ్‌లో ఉత్సాహమున్న టీచర్ చెప్పారు. నియంత్రిత సమూహానికి మధ్యాహ్నం చివరి పీరియడ్‌లో ఇంకొకరు చెప్పారు. ఇప్పుడు పద్ధతి, టీచర్, వేళ మూడూ ఒకే ముడిలో పడ్డాయి. డేటా వచ్చాక ఏ గణాంక పరీక్షా ఈ ముడి విప్పలేదు. దీనికి మందు ముందే వేయాలి. పిల్లలను యాదృచ్ఛికంగా విభజించడం, ఒకే టీచర్‌తో రెండు పద్ధతులూ చెప్పించడం, వేళలను వారం వారం మార్చడం, ఏది కుదిరితే అది.

కారణం, ఫలితం కాక ఇలా మధ్యలో దూరే మూడో చరాలన్నీ శత్రువులేం కాదు. 1986లో బేరన్, కెన్నీ మధ్యవర్తి చరం (మీడియేటర్), నియామక చరం (మోడరేటర్) వేరని విడదీసి చూపించారు. ఈ రెండూ కలగాపులగం అయితే ఒక చిన్న ప్రశ్న పనికొస్తుంది. "ఎలా పనిచేసింది?" అంటే మధ్యవర్తి: కొత్త పద్ధతి వల్ల సాధన చేసే సమయం పెరిగింది, దానివల్ల మార్కులు పెరిగాయి. "ఎవరికి పనిచేసింది?" అంటే నియామకం: పునాది బలహీనంగా ఉన్నవాళ్లకు బాగా, మిగతావాళ్లకు అంతంతమాత్రంగా. ఈ తేడా తెలియక సాధన సమయాన్ని కూడా "నియంత్రించి" చూశారనుకోండి, పద్ధతి ఫలితం మాయమవుతుంది. పద్ధతి పనిచేసిన దారినే మీరు మూసేశారు మరి.

లక్షణం: బోధనా మాధ్యమం సగటు 1.6 అని వచ్చింది

1, 2 అన్నవి అక్కడ తెలుగు, ఇంగ్లీషు లాంటి పేర్లకు బదులు పెట్టిన అంకెలు. స్టీవెన్స్ 1946లో చెప్పిన నాలుగు కొలత స్థాయిల్లో ఇది నామమాత్ర స్థాయి. శాతాలు ఇవ్వండి, సగటు వద్దు. ర్యాంకులు క్రమ స్థాయికి చెందుతాయి: మొదటి ర్యాంకుకీ రెండో ర్యాంకుకీ ఒక మార్కు తేడా ఉండొచ్చు, రెండో దానికీ మూడో దానికీ ఇరవై ఉండొచ్చు.

దీనికి తిరగబడిన తప్పు ఇంకా ఎక్కువ. 20 నుంచి 100 దాకా పరుచుకున్న ఆందోళన స్కోరును మధ్యగతం (మీడియన్, అనుకుందాం 60) దగ్గర నరికి "ఎక్కువ", "తక్కువ" అని రెండు గంపల్లో పోస్తారు. 59 వచ్చిన అమ్మాయి, 61 వచ్చిన అమ్మాయి వేర్వేరు మనుషులైపోతారు. 61, 98 వచ్చినవాళ్లు ఒకటైపోతారు. రెండు గుంపుల సగటులను పోల్చే టి-పరీక్ష తప్ప వేరే పరీక్ష చేతకాదన్నదే కారణమైతే సహసంబంధం (కోరిలేషన్) లేదా ప్రతిగమనం (రిగ్రెషన్) నేర్చుకోవడానికి రెండు రోజులు కేటాయించండి. ఈలోగా అసలు స్కోర్లున్న ఫైలు మాత్రం చెరపకండి.